గెలిచిన స్కిన్‌ను అమ్ముకోగలిగే లూట్ బాక్స్ సైటు జూదం కిందికి వస్తుందా?

మా తమ్ముడికి 16 ఏళ్లు. మూడు వారాల్లో, అదీ రాత్రి 11 దాటాకే, 40 లూట్ బాక్సులు, అంటే లోపల ఏముందో ముందు తెలియని డిజిటల్ పెట్టెలు, తెరిచాడు. గేమ్ లోపల కాదు, బయటి సైటులో. డబ్బు కట్టగానే స్కిన్‌ల (గేమ్‌లో ఆయుధాల రూపం మార్చే డిజిటల్ వస్తువులు) బొమ్మలు గిర్రున తిరుగుతాయి. ఖరీదైన కత్తి దగ్గర ఆగినట్టే ఆగి, పక్కనున్న చవక తుపాకీ మీదికి జారిపోతుంది. వచ్చినదాన్ని అక్కడే అమ్మి డబ్బు తీసుకోవచ్చు. వయసు తనిఖీ అంటే ఒక్క టిక్కు, అంతే.

సపోర్ట్‌కు మూడుసార్లు రాశాను. 'ప్రతి బాక్సులో ఏదో ఒకటి వస్తుంది, కాబట్టి జూదం కాదు' అని ఒకటే జవాబు. బ్యాంకూ ఫిర్యాదు మూసేసింది. బెల్జియం 2018లో డబ్బుతో కొనే లూట్ బాక్సులు జూదమే అంది. నెదర్లాండ్స్‌లో 2022లో పైకోర్టు ఒక ఫుట్‌బాల్ గేమ్ విషయంలో కాదంది. కానీ ఆ రెండూ గేమ్ లోపలి బాక్సుల సంగతి. నా కళ్లకైతే ఇది పచ్చి జూదమే.

గెలిచినదాన్ని డబ్బుగా మార్చుకునే వీలున్న ఇలాంటి బయటి సైటును మీ దేశంలో చట్టం జూదంగా చూస్తుందా?