అప్‌డేట్: డబ్లిన్‌లో ఇంటి వెనక కొత్త గదికి ప్లానింగ్ అనుమతి అవసరమా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది

మా ఇంటి వెనక 30 చదరపు మీటర్ల గది అనుమతి లేకుండా కట్టుకోవచ్చా అని అడిగినప్పుడు ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందుగా ఆర్కిటెక్టుకు చూపించమన్న సలహాయే పనికొచ్చింది. ఐర్లండ్ నిబంధనల్లో ఇంటి వెనక 40 చదరపు మీటర్ల దాకా విస్తరణకు ప్లానింగ్ అనుమతి అక్కర్లేదన్న మినహాయింపు ప్రతి విస్తరణకూ విడివిడిగా వర్తించదని, 1964 అక్టోబరు 1 తర్వాత ఆ ఇంటికి చేర్చినదంతా, అంటే పాత యజమాని కట్టించిన 14 చదరపు మీటర్ల గది కూడా, అదే లెక్కలోకి వస్తుందని ఆయన తేల్చారు. అందుకే కొత్త గదిని 25కు తగ్గించాము. వెనక కనీసం 25 చదరపు మీటర్ల ఖాళీ స్థలం మిగలాలన్న షరతుకు ఇబ్బంది రాలేదు. ఆపై 80 యూరోలు కట్టి, 2000 నాటి ప్లానింగ్ చట్టంలోని సెక్షన్ 5 కింద, అనుమతి అవసరమా కాదా తేల్చమని స్థానిక కౌన్సిల్‌ను అడిగితే, మినహాయింపు వర్తిస్తుందని రాతపూర్వకంగా తెలిపారు. ఇల్లు అమ్మే రోజున ఈ కాగితం ఎంతో అవసరమవుతుంది కనుక తప్పక తీసుకోండి.

2025లో మినహాయింపు పరిమితుల సడలింపుపై ప్రభుత్వం జరిపిన ప్రజాభిప్రాయ సేకరణకు మా విషయంతో సంబంధం లేదు. ప్రతిపాదన నిబంధనగా అమల్లోకి వచ్చేదాకా పాత కొలతలే చెల్లుతాయి. పొరుగువారి సమ్మతి పత్రమూ అవసరం పడలేదు. ప్లానింగ్ మినహాయింపు ఉన్నంత మాత్రాన భవన నిర్మాణ ప్రమాణాల నుంచి మాత్రం మినహాయింపు దొరకదు.