పారిస్ నుంచి ఏథెన్స్ దాకా: రైలా, విమానమా, ఫెర్రీనా?

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్లి)

అందరికీ నమస్తే. వచ్చే మే నెలలో యూరప్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పదేళ్ల పాప, గుంటూరు నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మెల్లగా మెట్లెక్కుతారు కానీ చేతిలో సామాను ఉంటే కష్టం. పారిస్ నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్ నాలుగు, వెనిస్, రోమ్ కలిపి ఆరు, చివర ఏథెన్స్ మూడు అనుకున్నాం. మావారు అన్నిచోట్లా చవక విమానాలే అంటున్నారు, గంటన్నరలో దిగిపోతాం కదా అని. నాకేమో రైళ్లలో వెళ్లాలని, ఒక్క రాత్రయినా సముద్రం మీద ప్రయాణం చేయాలని ఉంది. ఒకే టికెట్‌తో చాలా దేశాల రైళ్లెక్కే యూరైల్ పాస్ కొనాలా? దిగేది పారిస్‌లో కాబట్టి వీసా ఫ్రాన్స్‌కే పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి, అత్తయ్యగారు ఇప్పట్నుంచే టెన్షన్ పడుతున్నారు.

జవాబు (బెంగళూరు, జయనగర్)

ముందు వీసా సంగతి. ఎక్కడ దిగుతారన్నది కాదండీ, ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి పెట్టాలి. మీ లెక్కలో ఇటలీకి ఆరు వచ్చాయి, కాబట్టి ఇటలీ. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చేయాలి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, మీ పాపకి 45. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు. మీరు రాసిన నాలుగు దేశాలూ ఉమ్మడి వీసా ఉన్న షెన్‌జెన్ దేశాల్లోనివే, ఒక్క వీసా చాలు. మధ్యలో లండన్ కలుపుదామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. దానికి వేరే వీసా, పైగా వెనక్కి రావడానికి షెన్‌జెన్‌ది మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి.

జవాబు (చెన్నై, పెరంబూర్)

అమ్మా, నేను ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఫ్యాక్టరీ 1955లో మొదలైనప్పుడు పెట్టెల డిజైన్ ఇచ్చింది జ్యూరిక్ పక్కనున్న ష్లీరెన్‌లోని స్విస్ కంపెనీ. మా ఆవిడతో ఆ దేశం వెళ్లి రైలెక్కి కూర్చుంటే అమ్మమ్మగారి ఊరు వెళ్లినట్టే అనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గంటన్నర అన్నది గాల్లో ఉండే టైమే అని మీవారితో చెప్పండి. కొన్ని చవక విమానాలు వాడే బోవే విమానాశ్రయానికి పారిస్ పేరుంది కానీ ఊరికి సుమారు 85 కిలోమీటర్లు. బ్యాగుకి వేరే డబ్బు. రైలైతే ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగుతారు. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మూడు గంటలు, అక్కడ మారితే ఇంటర్లాకెన్ ఇంకో రెండు.

గార్ ద లియోన్‌లో ఒక్క విషయం గుర్తుంచుకోండి. ప్లాట్‌ఫాం ఏదన్నది రైలు కదలడానికి ఓ ఇరవై నిమిషాల ముందుగానీ బోర్డు మీద పడదు. అక్షరం పడితే హాల్ 1, అంకె పడితే హాల్ 2. అప్పటిదాకా అందరూ తలెత్తి చూస్తూ నిలబడతారు, పడగానే పెట్టెలు ఈడ్చుకుంటూ ఒక్కసారిగా కదులుతారు. మావయ్యగారిని రెండు హాళ్లకీ మధ్యలో కూర్చోబెట్టి, మీరొక్కరే బోర్డు దగ్గర నిలబడండి. కోచ్ నంబరు చూసే ఎక్కండి. ఒక్కోసారి రెండు టీజీవీలను, అంటే ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లను, జతచేసి నడుపుతారు, లోపల్నుంచి ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దారి ఉండదు.

యూరైల్ పాస్ మీకు అక్కర్లేదు. స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియాల్లో తిరిగేవాళ్లకి అది బంగారం, చాలా రైళ్లు రిజర్వేషన్ లేకుండానే ఎక్కేయొచ్చు. టీజీవీకి, ఇటలీ హైస్పీడ్ రైళ్లకి పాస్ ఉన్నా సీటుకి విడిగా కట్టాలి, మీ దారిలో పెద్ద ప్రయాణాలన్నీ అవే. టికెట్లు తెరవగానే విడిగా కొనండి. స్విట్జర్లాండ్ వరకు స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే పాపకి ఫ్యామిలీ కార్డు ఉచితం.

ఇంటర్లాకెన్ నుంచి స్పీజ్‌లో మారి మిలాన్ రైలెక్కండి. 1906లో తెరిచిన సింప్లాన్ సొరంగం, దాదాపు 20 కిలోమీటర్లు, దాటగానే ఇటలీ. కాసేపటికి ఎడమ కిటికీలో మజోరే సరస్సు వస్తుంది, అత్తయ్యగారిని అటే కూర్చోబెట్టండి. వెనిస్‌లో గది శాంటా లూసియా స్టేషన్‌కి దగ్గరగా, మధ్యలో వంతెన లేకుండా చూసుకోండి. అక్కడి వంతెనలు దాదాపు అన్నీ మెట్లే.

ఫెర్రీ, అదే ఓడ ఎక్కాలన్న కోరిక కూడా తీర్చుకోండి. రోమ్ నుంచి ఇటలీలోనే ఉన్న బారీ రేవుకి రైల్లో నాలుగు గంటలు. అక్కడ సాయంత్రం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి గ్రీస్‌లో పాత్రాస్. ఏథెన్స్ అక్కడికి సుమారు 210 కిలోమీటర్లు, బస్సులో వెళ్లొచ్చు. విమానం టికెట్ మల్టీ సిటీ తీసుకోండి, పారిస్‌లో దిగి ఏథెన్స్ నుంచి తిరుగు. మళ్లీ పారిస్‌కి వెనక్కి రావడం అనేదే ఉండదు.

జవాబు (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

తిండి గురించి ఎవరూ చెప్పలేదు. ఆవకాయ సీసా చేతి బ్యాగులో పెట్టకండి, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసేస్తారు, చెక్-ఇన్ సామానులో వేయండి. నెయ్యి, పాలకోవా అసలే వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. కందిపొడి, అటుకులు, చింతపండు పులిహోర పొడి చాలు. వంటగది ఉన్న గదులు దొరికితే అన్నం వండుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్సండీ. మావారు రైళ్లకి ఒప్పుకున్నారు. కానీ ఫెర్రీలో అంతసేపు మావయ్యగారికి ఇబ్బందేమో అంటున్నారు, రోమ్ నుంచి ఏథెన్స్ రెండు గంటల విమానమే కదా అని.

జవాబు (చెన్నై, పెరంబూర్)

ఆ మాట నిజమే తల్లీ. కానీ ఆ రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది, పడుకోవడానికి మంచం ఉంటుంది. డెక్ టికెట్ వద్దు, క్యాబిన్ తీసుకోండి, అదీ ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో. ఊగడం తక్కువ. కార్ల డెక్ మీదుగా ఎక్కేటప్పుడు మెట్లు పడొచ్చు, లిఫ్ట్ ఎక్కడుందో సిబ్బందిని అడగండి. మే 1న మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు గ్రీస్‌లో ఓడల సిబ్బంది సమ్మె చేయడం మామూలే. ఫెర్రీ, తిరుగు విమానం వేర్వేరు టికెట్లు కాబట్టి ఒకటి ఆలస్యమైతే రెండోది ఆగదు. ఏథెన్స్ మూడు రాత్రుల్లో ఒక్కటీ తగ్గించకండి. ఇంకా సముద్రం కావాలంటే పిరేయస్ రేవు నుంచి ఈజీనా దీవి గంటంపావు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మావయ్యగారు రేవు దగ్గర నీడలో కాఫీ తాగుతూ కూర్చుంటారు, మీరూ పాపా ఊరు చూసి రండి.