వరద నీళ్లలో మునిగిన సీపీయూ: హార్డ్ డిస్క్‌లో ఫొటోలు దక్కుతాయా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చేసరికి సీపీయూ టేబుల్ కిందే ఉండిపోయింది. మూడు రోజులు మురికి నీళ్లలో నానింది. నిన్ననే బయటికి తీశాం. స్విచ్ వేయలేదు, మదర్‌బోర్డు మీద ఉండే బటన్ సెల్ తీసేశాను.

పవర్ సప్లై కొత్తది కొంటాను. బోర్డుకి, ర్యామ్‌కి ఒండ్రు పట్టింది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ వేసి, ఫ్యాన్ గాలికి ఆరబెడదామనుకుంటున్నా. ప్రాసెసర్ కూడా ఊడదీయాలా?

అసలు టెన్షన్ హార్డ్ డిస్క్ గురించే. 1 టీబీ, లోపల ప్లేట్లు తిరిగే రకం. నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన పోయి రెండేళ్లయింది, ఇంకెక్కడా కాపీ లేదు. దానికి గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది కదా, అందులోంచి బురద నీళ్లు ప్లేట్ల దాకా వెళ్లాయేమోనని భయం. పక్కింటి తమ్ముడు బియ్యంలో పెట్టమంటున్నాడు, నాకు మనసొప్పలేదు. ఎండితే మట్టి లోపల అంటుకుపోతుందని, తడి ఆరకుండా కవర్లో పెట్టి రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలని ఇంకొకరు అన్నారు. ఏది సరైనది?

ఇలా నీళ్లలో మునిగిన డిస్క్ నుంచి డేటా తెచ్చుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఖర్చు ఎంతైంది? విజయవాడలో గానీ హైదరాబాద్‌లో గానీ నమ్మకంగా చేసేవాళ్లెవరు?