కంపెనీలు కట్టాల్సిన ట్యాక్స్ బాకీ ఎంతో ఎక్కడ చూడాలి? తెలిసినోళ్లు చెప్పండన్నా

అందరికీ నమస్కారం, మాది చిత్తూరు. మాయమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, నెలకోసారి తెల్లారి ఆరుకే పాత ఓపీ చీటీ ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకోని గవర్నమెంటాసుపత్రి లైన్లో నిలబడతాది, ఆ మాత్రలు బయట కొనే స్తోమత మాకు లేదు. ఇప్పుడు మదనపల్లెతో కలిపి 10 మెడికల్ కాలేజీలు పీపీపీలో, అంటే గవర్నమెంటూ ప్రైవేటోళ్లూ కలిసి నడిపే పద్ధతిలో, ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం అన్నప్పటి నుంచి ఇంట్లో ఇదే గొడవ. మా బావేమో గవర్నమెంట్ దగ్గర డబ్బుల్లేవు, ప్రైవేటోళ్లే నడపాల అంటాడు. నేను ఒప్పుకోను. 2019లో మినహాయింపులు వదులుకునే కంపెనీలకి ట్యాక్స్ 30 నుంచి 22 శాతానికి తగ్గించినారు కదా, అదీ కాక కట్టాల్సింది కట్టకుండా కోర్టుల్లో, అప్పీళ్లలో నానబెట్టేది వేరే, అవి వసూలు చేస్తే ఆసుపత్రులకి డబ్బులు రావా?

నా డౌట్ ఏందంటే, సెంట్రల్ బడ్జెట్ రిసీట్స్ పుస్తకంలో వేసినా వసూలు కాని ట్యాక్స్ అని ఒక పట్టిక ఉంటాది, అందులో వివాదంలో ఉన్నవి, లేనివి అని విడివిడిగా రాసింటారు. వివాదంలో ఉన్నదంతా ఎగ్గొట్టినట్టేనా, లేక ఆఫీసర్లు ఎక్కువ వేసింది కూడా అందులో కలిసింటాదా? కంపెనీల పేర్లతో కావాలంటే 10 రూపాయల ఆర్టీఐ పెడితే ఇస్తారా, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపిస్తారా? ఎవరైనా పెట్టింటే అర్జీలో ఏం రాసినారో చెప్పండన్నా, ఈ వారంలోనే పంపించాలనుకుంటా ఉన్నా.