డిస్‌ప్లేపోర్ట్ కేబుల్: లాక్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
27 అంగుళాల మానిటర్ తీసుకుని ఆర్మ్‌కి (మడతపడే స్టాండుకి) బిగించా. పీసీకి కలిపే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కోసం చూస్తే కొన్నిటికి ఊడకుండా పట్టే లాక్ ఉంది, కొన్నిటికి లేదు, రేటు దాదాపు ఒకటే. సీపీయూ టేబుల్ కింద గోడకి ఆనించి ఉంటుంది. ఏది తీసుకోమంటారు?

ల్యాబ్_మాస్టారు:
లాక్ ఉన్నదే. మా ల్యాబ్‌లో పాత వీజీఏ కేబుళ్లు ఇంకా ఉన్నాయి, రెండు పక్కలా స్క్రూలు ఉంటాయి గానీ పిల్లలు ఒక్కరూ బిగించరు, కాలు తగిలి కాస్త కదిలిందంటే ఒక రంగు పిన్ను వదిలేసి తెర పసుపుగానో గులాబీగానో మారిపోతుంది, ఇక "సార్, మానిటర్ పోయింది" అని పరుగు. వెనక్కి వెళ్లి స్క్రూ తిప్పితే బాగైపోతుంది. పదిమంది చేతులు పడే చోట లాక్ లేకపోతే ఇదే గోల.

సోల్డర్_సూరి:
మాస్టారూ, వీజీఏ స్క్రూ కళ్లకి కనిపిస్తుంది, తీయాలంటే తిప్పాలని అందరికీ తెలుసు. డిస్‌ప్లేపోర్ట్‌లో అలా కాదండీ. కనెక్టర్ మీద రెండు బుల్లి కొక్కేలు ఉంటాయి, లోపలికి వెళ్లాక పోర్ట్ రేకుకున్న రంధ్రాల్లో పడతాయి, పైన బటన్ నొక్కితేనే కిందికి దిగి వదులుతాయి. ఆ బటన్ సంగతి తెలియనివాళ్లు గట్టిగా గుంజుతారు. రిపేరుకి నా బల్ల మీదికి వచ్చే గ్రాఫిక్స్ కార్డుల్లో రేకు వంకరపోయినవి, పోర్టే బోర్డు నుంచి లేచిపోయినవి చూస్తూనే ఉంటా. కేబుల్ పోతే వందల్లో పోతుంది, కార్డు పోతే వేలల్లో. ఇంట్లో వాడుకునేవాళ్లకి లాక్ లేనిదే చెప్తా.

లైవ్‌టెలికాస్ట్:
టీవీ స్టూడియోల్లో వీడియో మోసే ఎస్‌డీఐ కేబుల్‌కి తిప్పి బిగించే బీఎన్‌సీ కనెక్టర్ వాడేది ఇందుకే, ప్రోగ్రాం మధ్యలో ఊడితే ఇంతే సంగతులు. మామూలు హెచ్‌డీఎంఐకి అసలు లాకే లేదు, బిగువు మీదే ఆగుతుంది. అయినా కోట్ల ఇళ్లల్లో టీవీలు నడుస్తున్నాయిగా.

రాత్రిడ్యూటీ:
లాక్ ఉంటే క్వాలిటీ అనుకోకండి బ్రో. ప్రమాణం ప్రకారం అది కేబుల్ తయారీదారు ఇష్టం, పెట్టినా పెట్టకపోయినా పర్లేదు. మినీ డిస్‌ప్లేపోర్ట్‌కైతే ఉండనే ఉండదు. అసలు చూడాల్సింది డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణం రూపొందించే సంస్థ వీసా (VESA) సర్టిఫికేషన్. చవకరకం కేబుళ్లలో 20వ పిన్నుని రెండు చివర్ల మధ్య కలిపేస్తారు, అది కరెంటు పిన్ను, మామూలు కేబుల్లో కలపకూడదు. మానిటర్ నుంచి కరెంటు వెనక్కి కార్డులోకి పాకి కొన్ని పీసీలు బూట్ కావడానికే మొరాయిస్తాయి. లాక్ దీన్నేం ఆపదు.

సోల్డర్_సూరి:
👆 ఇది కరెక్ట్. ఇంకోటి, మానిటర్ పోర్టులు కిందికి చూస్తుంటే బటన్ ఎటు తిరుగుతుందో ముందే చూసుకో తమ్ముడూ. ప్యానెల్ వైపు తిరిగిందా, వేలు దూరదు. కార్డు దగ్గర పక్కపక్క పోర్టులు నిండినా అదే తిప్పలు.

ల్యాబ్_మాస్టారు:
ఇంటికి సరే, ఒప్పుకున్నా. ల్యాబ్‌లో మాత్రం నా మాట నాదే.

కూకట్‌పల్లి_కుర్రాడు:
ఇప్పుడే టార్చ్ వేసి చూశా. మానిటర్ దగ్గర బటన్ నా వైపే వస్తుంది గానీ, సీపీయూ వెనక గోడకి పిడికిలి కూడా పట్టదు. లాక్ లేనిది, సర్టిఫైడ్, 2 మీటర్లది ఆర్డర్ పెట్టేశా.

రాత్రిడ్యూటీ:
ఆర్మ్ మడతల దగ్గర కేబుల్ కొంచెం వదులుగా వదిలి వెల్‌క్రో పట్టీ చుట్టు. బిర్రుగా లాగి కట్టావా, మానిటర్ తిప్పిన ప్రతిసారీ పోర్ట్ మీదే భారం పడుతుంది.