టోలీన్–జైలీన్ మిశ్రమం: మండే ద్రవంగా కేటగిరీ 2నా, 3నా?

ప్రశ్న: బరువులో 15% టోలీన్ (ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత, 4°సె), 85% జైలీన్ (27°సె) కలిపిన థిన్నర్‌కు జీహెచ్‌ఎస్ (రసాయనాల ప్రమాదాలను వర్గీకరించే అంతర్జాతీయ పద్ధతి) లేబుల్ తయారు చేయాలి. సగటు లెక్కేస్తే 23.5 వస్తోంది. కేటగిరీ 3 అని రాసేయొచ్చా?

జవాబు 1: వద్దు. ఫ్లాష్ పాయింట్‌కు సగటు పనికిరాదు. ద్రవంలో టోలీన్ తక్కువే అయినా ఆవిరిలో దాని వాటా ఎక్కువ, అంటుకునేది ఆవిరే. రౌల్ట్ సూత్రంతో (మిశ్రమంలో ఒక్కో ద్రవం ఇచ్చే ఆవిరి, అణువుల సంఖ్యలో దాని వాటాను బట్టి ఉంటుందని చెప్పేది) అంచనా వేస్తే 20–21°సె దగ్గర తేలుతుంది. ఫ్లాష్ పాయింట్ 23°సె కంటే తక్కువ, మరిగే ఉష్ణోగ్రత 35°సె దాటింది కాబట్టి కేటగిరీ 2: లేబుల్‌పై హాని కోడ్ హెచ్225, సంకేత పదం ‘ప్రమాదం’. కేటగిరీ 3 అయితే హెచ్226, ‘హెచ్చరిక’ మాత్రమే. అంచనా హద్దుకు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు క్లోజ్డ్ కప్ (మూత వేసిన పాత్రలో కొలిచే) పరీక్ష చేయించాల్సిందే. ఓపెన్ కప్ విలువ తీసుకోకండి, అందులో ఆవిరి చెదిరిపోయి అంకె ఎక్కువ చూపిస్తుంది.

జవాబు 2: మంట గుర్తు దగ్గరే ఆగిపోకండి. రెండూ హైడ్రోకార్బన్లే, 40°సె వద్ద స్నిగ్ధత (చిక్కదనం) 20.5 చ.మి.మీ./సె. కంటే చాలా తక్కువ. మింగితే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అందుకే హెచ్304 తప్పదు. టోలీన్ 3% దాటింది కనుక గర్భస్థ శిశువుకు హాని సూచించే హెచ్361డి కూడా. చాలామంది మరిచిపోయేది ఇదే.

జవాబు 3: ఇంకో ప్రమాదం స్థిర విద్యుత్తు. ఈ ద్రవాలు విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయవు. పోసేటప్పుడు రెండు డ్రమ్ములనూ తీగతో కలిపి ఎర్త్ చేయాలి. ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, నేలబారున పాకుతుంది.