ఫుట్‌పాత్ బండ మీద అడుగులు: ఏ జాతో చెప్పండి ప్లీజ్

ఎడారిపిల్లాడు: పొద్దున్నుంచి తల పట్టుకుని కూర్చున్నా. బ్రెజిల్లో అరరక్వారాలో ఉంటాను. ఇక్కడ ఫుట్‌పాత్‌లన్నీ ఇసుకరాతి బండలే. ఒకదాని మీద చిన్న గుంటలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఇసుక నెలవంకలా పొంగింది. రేపు క్లాసులో వివరణ ఇవ్వాలి. ఇలాంటి అడుగుల గురించి ఒక పరిశోధన పేపర్లో క్షీరదం అంటారు, ఇంకోదాంట్లో క్షీరదం లాంటిది అంటారు. టెన్షన్‌గా ఉంది. ఫొటో పెట్టాను, ఏ జాతి?

రాళ్ళబాబాయ్: స్కేలేది?

ఎడారిపిల్లాడు: మామూలు సైజేనండి.

రాళ్ళబాబాయ్: ఎవరికి మామూలు? పక్కన నాణెం పెట్టి, ఎండ ఏటవాలుగా పడేప్పుడు మళ్ళీ తీయండి.

వరలక్ష్మి టీచర్: జాతి అని అడగడమే తప్పు నాయనా. జర్మనీ ఇసుకరాళ్ళలో చేతిలాంటి ముద్రలు దొరికితే 1835లో కైరోథీరియం అని పేరు పెట్టారు. బొటనవేలుందని కోతి అన్నవాళ్ళున్నారు. తీరా అది చిటికెనవేలు, జంతువేమో మొసళ్ళ దూరపు చుట్టం! పేరు ముద్రది, జంతువుది కాదు. ఇంకోటి, ఒక్కటుంటే పాదముద్ర. వరసగా ఉంటేనే అడుగుజాడ.

కోనసీమకుర్రోడు: మా ఊళ్ళో రెండూ ఒకటేనండి.

వరలక్ష్మి టీచర్: మీ ఊరి సంగతి కాదు, కొలతల సంగతి. వరస లేకపోతే అంగ పొడవు ఎలా కొలుస్తారు?

జాడగాడు: అరరక్వారా అంటే బొటుకాటు ఇసుకరాయి, తొలి క్రెటేషియస్ నాటి, అంటే డైనోసార్ల కాలం నాటి ఎడారి. లియోనార్డి అనే పరిశోధకుడు 1981లో బ్రజిలిక్నియమ్ ఎలూసివమ్ అని పేరు పెట్టింది ఈ రాతిలోని అడుగుజాడలకే. వెనకపాదం పొడవు కన్నా వెడల్పు ఎక్కువ. ముందుపాదం బాగా చిన్నది, చాలాచోట్ల వెనకపాదం దాన్ని తొక్కేసి ఉంటుంది. ఆ నెలవంక మడమ కాదు, దిబ్బ ఎక్కుతూ కాలితో కిందికి నెట్టిన ఇసుక. పొడవులో కలిపి కొలవకండి. అయినా ఫొటోలో నాకు బుడిపెల్లా కనిపిస్తున్నాయే. వేలు పెట్టి చూశారా?

ఎడారిపిల్లాడు: లేదండి, ఫొటో పోయిన వారానిది. ఇప్పుడే వెళ్ళొస్తా.

ఎడారిపిల్లాడు: బుడిపెలే!! పొంగిందనుకున్న నెలవంకేమో గాడి. ఇన్ని గంటలూ తలకిందులుగా చూస్తున్నానన్నమాట.

జాడగాడు: అయితే అది అడుగుల గుంటల్ని నింపిన పైపొర అడుగుభాగం, అచ్చు అన్నమాట. బండని తిరగేసి పరిచారు. కుడి ఎడమలు తారుమారవుతాయి. ముందు అది రాయండి, కొలతలు రాయండి, పేరు చివర్లో.

ఎడారిపిల్లాడు: మరి క్షీరదం అని రాయొచ్చా?

జాడగాడు: క్షీరదమో, వాటికి దగ్గరి జీవో అని రాయండి. ఒక్క బండతో అంతకు మించి తేలదు.

వరలక్ష్మి టీచర్: జీవి కాదు, ముద్ర...

రాళ్ళబాబాయ్: నాణెం పెట్టారా?

ఎడారిపిల్లాడు: మర్చిపోయా 😅 రేపు పెడతా. థ్యాంక్స్ అందరికీ.